కాటి సీను పద్యాలు: పుల్లలచెరువులో జాషువా స్మారకోపన్యాసం



జాషువా గారి పేరిట మాట్లాడమంటే అందరూ 'గబ్బిలం' ఎత్తుకుంటారు. అది ఎత్తుకోదగ్గ కావ్యమే. దాని మీద నాకంటే బాగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేనివాళ వేరే సంగతి తెచ్చుకున్నాను. పుల్లలచెరువు, మానేపల్లి, మర్రివేముల, అటు త్రిపురాంతకం, ఇటు యర్రగొండపాలెం, ఈ పల్లెల్లో సంతకం బదులు వేలిముద్ర వేసిన తాతలకు కూడా జాషువా పద్యాలు నోటికి వచ్చు. వాళ్లు వాటిని పుస్తకంలో చదివింది లేదు. తిరనాళ్ల రాత్రి, హార్మోనియం పక్కన, గొంగడి కప్పుకున్న హరిశ్చంద్రుడి నోట విన్నారు. అవి ఎవరు రాశారని అడగండి, నూటికి తొంభైమంది తెల్లమొహం వేస్తారు. నాటకం రాసినాయనే రాసి ఉంటాడంటారు. నా ఉపన్యాసమంతా ఆ తెల్లమొహం గురించే.

వేషం కట్టుకుని, వాద్యం పెట్టుకుని పద్యం చెప్పే అలవాటు ఈ నేలకు కొత్త కాదు. మనకు పొరుగునే ఉన్న వినుకొండ పేరును ఇంటిపేరుగా పెట్టుకున్న వల్లభరాయుడి పేరు మీద 'క్రీడాభిరామం' ఉంది. సుమారు ఆరువందల ఏళ్ల కిందటి వీథి నాటకం. అందులో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులు తిరుగుతూ పల్నాటి వీరుల కథ పాడే స్త్రీని చూస్తారు. పల్నాడంటే మనకు పక్క సీమే. ఇంకా వెనక్కి వెళితే అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో విల్లులా వంగిన తీగల వాద్యం కనిపిస్తుంది. ఇప్పటి వీణ ఆకారం కాదది. ఇంగ్లీషువాళ్లు హార్ప్ అంటారే, ఆ జాతి. వీణ అనే పేరు ఒకప్పుడు దానికే ఉండేది. తర్వాత కాలంలో ఆ వాద్యం మన దగ్గర పూర్తిగా పోయింది, రాతి మీద మాత్రం మిగిలింది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర అమరావతిలో తవ్వించిన శిల్పాలు 1859లో లండన్ చేరాయి. అప్పటికి ఇంగ్లండును విక్టోరియా రాణి ఏలుతోంది. అక్కడి ఉన్నవాళ్ల ఇళ్లలో ఆడపిల్లలు హార్ప్ నేర్చుకోవడం గొప్పగా ఉండేది. 1810లో సెబాస్టియన్ ఎరార్ అనే ఫ్రెంచి పనివాడు ఏడు పెడళ్ల హార్ప్‌కు కొత్త ఏర్పాటు పెట్టాక ఏ స్థాయిలోనైనా వాయించే వీలు కలిగింది. ఇప్పటి కచేరీ హార్ప్‌కు 47 తీగలుంటాయి. రాణిగారి ఆస్థాన విద్వాంసుడు జాన్ థామస్ వేల్సు దేశస్థుడు.

ఈ వేల్సు సంగతి కొంచెం చెప్పాలి, నాకు పని ఉంది దానితో. అక్కడ హార్ప్ మీద పద్యం పాడే పాత పద్ధతి ఒకటుంది. హార్ప్ ఒక వరస వాయిస్తుంటుంది. పాడేవాడు కాసేపు ఆగి, తన వరస వేరేగా ఎత్తుకుని, మధ్యలో చేరతాడు. చివరకు ఇద్దరూ ఒక్కచోట ముగించాలి. మన హార్మోనిస్టుకూ పద్యం పాడే నటుడికీ మధ్య జరిగే ఆట తెలిసినవాళ్లకు ఇది వింటే నవ్వొస్తుంది. ఆ దేశంలో ఐస్టెథ్‌వాడ్ అనే కవి పండుగ ఉంది. దేశం మొత్తానికీ కలిపి మొదటిది 1861లో ఆబర్‌డేర్ ఊళ్లో జరిగింది. కవులు తెల్ల, నీలి, ఆకుపచ్చ అంగరఖాలు వేసుకుని వేదిక ఎక్కుతారు. గెలిచిన కవి ఎవరో అప్పటిదాకా ఎవరికీ తెలియనివ్వరు. మారుపేరుతో పిలుస్తారు. జనంలో కూర్చున్న కవి లేచి నిలబడతాడు. అతన్ని వేదిక మీదికి తీసుకొచ్చి, అంగరఖా వేసి, కుర్చీలో కూర్చోబెడతారు. ఆ కుర్చీయే బహుమానం. ఇప్పటికీ జరుగుతోంది. ఇంగ్లండులో, వేల్సులో విక్టోరియా కాలపు గౌన్లు తొడుక్కుని హార్ప్ వాయిస్తూ ఆనాటి కవిత్వం వినిపించే కళాకారులు కూడా ఉన్నారు. వాళ్లు పోయిన కాలాన్ని తెచ్చి చూపిస్తారు. ఆ కాలంలోనే మన దగ్గర పుట్టిన వేషాల ఆట మాత్రం ఇంకా పోలేదు.

మన పద్యనాటకం అచ్చంగా విక్టోరియా కాలపు బిడ్డే. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడింది. ఆ రోజుల్లోనే కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. 1885లో కడప జిల్లా సొరుగు గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచకవధ'తో సురభి నాటకం మొదలుపెట్టారు. ఆ మరుసటేడు బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరసవినోదినీ సభ పెట్టారు. పడే తెర, లేచే తెర, చిత్రించిన అడవి, చిత్రించిన రాజవీధి, అన్నీ అప్పుడు వచ్చినవే. హార్మోనియం కూడా పరాయిదే. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ పేటెంటు తీసుకున్న వాద్యం. శాస్త్రీయ సంగీతం వాళ్లకు దాని మీద కోపం. గమకం పలకదని, స్వరాలు బిగుసుకుని ఉంటాయని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. సంగీతపరంగా ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. అయితే మైకులు లేని రోజుల్లో, కళ్లం మీద కూర్చున్న రెండువేల మందికి శృతి వినిపించే వాద్యం ఇంకేముంది? ఆకాశవాణి వెలివేసిన పెట్టెను పల్లెటూళ్లు నెత్తిన పెట్టుకున్నాయి.

ప్రకాశం జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆయన కూడా ముఖానికి రంగు వేసుకున్నవాడే. టంగుటూరి ప్రకాశం గారు చిన్నతనంలో ఒంగోలులో ఆడవేషాలు కట్టారు. ఆయన్ను చేరదీసిన ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రి తీసుకువెళ్లారు. అక్కడ చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం'లో ప్రకాశం గారు అర్జునుడు. తుపాకికి గుండె చూపించిన మనిషి అంతకుముందు గాండీవం పట్టాడన్నమాట.

ఇక్కడ మన ప్రాంతం గురించి నా ఊహ ఒకటి చెబుతాను. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలోది. వినుకొండ గుంటూరు జిల్లాలోది. మనం రెంటి అంచున ఉన్నాం. పడమట నుంచి బళ్లారి, కడప బాణీ, తూర్పు నుంచి తెనాలి, గుంటూరు బాణీ, రెండూ ఈ అంచు మీద కలిశాయి. రాయలసీమ పద్ధతి నటుడు మాట మీద నిలబడతాడు. కోస్తా నటుడు రాగం మీద నిలబడతాడు. రెండూ విన్న మన జనం మెచ్చుకోవడంలో గట్టివాళ్లయ్యారు. శృతి తప్పితే ఊరుకోరు, మాట మింగితే అసలు ఊరుకోరు.

ఇక హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. 1881లో పుట్టి 1953లో వెళ్లిపోయిన గుంటూరు సీమ కవి, స్వయంగా నటుడు. ఆయన నాటకం లేకుండా మన తిరనాళ్లు గడిచిన ఏళ్లు తక్కువ. ఆ ఆట ఎలా నడిచేదో పిల్లల కోసం చెబుతాను. కాంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు. హరిశ్చంద్రుణ్ణి ఒక ఊరి నుంచి, చంద్రమతిని ఇంకో ఊరి నుంచి, నక్షత్రకుణ్ణి మూడో ఊరి నుంచి మాట్లాడి తెచ్చేవాడు. వాళ్లు వినుకొండలో రైలు దిగి, బస్సో బండో ఎక్కి పొద్దుగూకే వేళకు చేరేవాళ్లు. రిహార్సలు మాటే లేదు. అందరికీ నాటకం కంఠతా వచ్చు, కలిపేది హార్మోనిస్టు ఒక్కడే. ఎవరు ఏ శృతిలో ఎత్తుతారో, ఎవరి పద్యం ఏ రాగంలో పడుతుందో, ఎవరు చరణం మధ్యలో ఊపిరి తీస్తారో ఆయనకు తెలుసు. ఒక్క ఆటలో ఇద్దరు హరిశ్చంద్రులు ఉండేవాళ్లు. వేట సీను, అడవి సీను ఒకటో హరిశ్చంద్రుడివి. వారణాసి, కాటి సీను రెండో ఆయనవి. కరపత్రంలో రెండో ఆయన పేరే పెద్దక్షరాల్లో వేసేవారు. సీనుకూ సీనుకూ మధ్య చదివింపులు. ఫలానా రెడ్డిగారు నక్షత్రక పాత్రధారికి నూటపదహార్లు, ఫలానా చౌదరిగారు హార్మోనిస్టుకు యాభైయొక్కటి. కథ నడుస్తుంటే మధ్యలో ఈ గోలేమిటని పట్నం నుంచి వచ్చిన అల్లుళ్లు విసుక్కునేవాళ్లు. ఆ చదివింపులే నటుడి ఇంట్లో బియ్యమని వాళ్లకు తెలియదు.

వేషం సంగతి గమనించారా ఎప్పుడైనా? హరిశ్చంద్రలో వేషం సీను సీనుకూ తగ్గిపోతుంది. మొదట కిరీటం, భుజకీర్తులు, జరీ అంగరఖా, మెడనిండా పూసల హారాలు. అద్దెకు తెచ్చిన డ్రెస్సు కాబట్టి జరీ అక్కడక్కడా నల్లబడి ఉంటుంది, పెట్రోమాక్సు వెలుతురులో అది కనబడదు. విశ్వామిత్రుడికి రాజ్యం ఇచ్చాక కిరీటం పోతుంది. వారణాసి వీధిలో భార్యనూ కొడుకునూ అమ్మేసరికి హారాలు పోతాయి. వీరబాహుకు తానే అమ్ముడుపోయాక కాటికి వచ్చేటప్పటికి ఒంటి మీద ఒక నల్ల గొంగడి, చేతిలో ఒక కర్ర. అంతే. మయసభ వేషాలు, కృష్ణుడి పడకసీను తళుకులు చూసినవాళ్లకు ఇది తేడాగా ఉంటుంది. తెలుగు రంగస్థలం మీద జనం అన్నిటికంటే ఎక్కువగా ఎదురుచూసిన వేషం ఆ గొంగడే. వేషం తగ్గేకొద్దీ పద్యం పెరుగుతుంది.

అప్పటికి రాత్రి మూడు దాటి ఉంటుంది. నిద్రపోతున్న పిల్లల్ని తల్లులు తట్టి లేపేవాళ్లు, "కాటి సీను వస్తంది లెయ్యి" అని. వెనక తెర మీద చితులు, ఎండుచెట్టు, గుడ్లగూబ. లైటు ముందు నీలం కాగితం అడ్డుపెట్టేవాళ్లు. నటుడు లోపలి నుంచే ఒక రాగం తీసి, ఆ రాగం మీదనే నడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. హార్మోనియం కాళ్ల కింద తిత్తి శబ్దం కూడా వినిపించేంత నిశ్శబ్దం. అప్పుడు ఎత్తుకునేవాడు జాషువాను.

ఆ పద్యాలు బలిజేపల్లి వారి నాటకంలోవి కావు. జాషువా ఖండకావ్యాల్లోని 'శ్మశానవాటి' నుంచి నటులు తెచ్చుకుని కలుపుకున్నవి. అందులో కాటికాపరి లేడు, కథ లేదు. శ్మశానం ముందు నిలబడిన మనిషి ఆలోచన ఉంది. రాజూ, కవీ, నిన్న మొన్న పెళ్లయిన పడుచూ, చిత్రాలు గీసినవాడూ చివరికి అక్కడికే చేరారంటాడు. అంటరానితనం కాలు పెట్టలేని చోటు అదొక్కటేనంటాడు. కాటికి కాపలా ఉన్న రాజు నోట ఆ మాట పెడితే ఎలా ఉంటుందో ఏ నటుడు మొదట ఊహించాడో గాని, ఆయనకు దండం పెట్టాలి. తర్వాత బండారు రామారావు, డి.వి. సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు గార్ల వంటి వాళ్ల గొంతుల్లో ఆ పద్యాలు ఊరూరా పాకాయి. గ్రామఫోను రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు పట్టేది. పద్యం, దానికి ముందు వెనకల రాగం సరిగ్గా అందులో ఇమిడేది. ఆ తర్వాత క్యాసెట్లు. టీకొట్టు మీద, లారీలో, పెళ్లి పందిట్లో కూడా కాటి సీను మోగింది. పెళ్లిలో కాటి సీనేమిటని అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు ఆ పద్యాల యజమాని సంగతి. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. అప్పటికి విక్టోరియా రాణి ఇంకా బతికే ఉంది. బడిలో వేరుగా కూర్చున్నాడు, బయట వేరుగా నిలబడ్డాడు. రాజమండ్రిలో మూగ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ చెప్పే కొలువు చేశాడు. నోటి మాటతో జనాన్ని కూర్చోబెట్టే విద్య ఆయనకు అక్కడే పట్టుబడి ఉంటుందని నాకనిపిస్తుంది. వినుకొండలో కొప్పరపు సోదర కవుల అవధాన సభకు వెళ్లి, వాళ్లను మెచ్చుకుంటూ రాసిన పద్యాలు చదివితే, ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారని సభలో కొందరు లేచారు. పద్యం బాగుందా లేదా అన్న ప్రశ్న రానేలేదు.

అదే మనిషి పద్యాలు అదే ప్రాంతంలో, అలాంటి వాళ్లే ముందు వరసలో మంచాలు వేసుకుని కూర్చున్న సభల్లో, తెల్లవార్లూ ఒన్స్‌మోర్ కొట్టించుకున్నాయి. కవిని గుమ్మం దగ్గర ఆపినవాళ్లు కవిత్వాన్ని ఇంట్లోకి పిలుచుకున్నారు. అంటరానితనం ఇక్కడ లేదని శ్మశానం గురించి చెప్పిన పద్యానికి వెనక దూరంగా నేల మీద కూర్చున్న మాలమాదిగలూ, ముందు మంచాల మీద కూర్చున్న మోతుబర్లూ ఒకేసారి ఈలలు వేశారు. ఆట అయిపోయాక ఎవరి దారిన వాళ్లు, ఎవరి బావికి వాళ్లు. నాటకం మనల్ని మార్చిందని నేను అనను. మార్చలేదు. ఆ మాట మన చెవిన పడేలా చేసింది, అదీ ఏటేటా. అది తక్కువ పనేమీ కాదు. పేరు తెలిసి ఉంటే ఆ ఈలలు పడేవా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా గుచ్చుతోంది. పేరు చెప్పకపోవడం మరుపు వల్లే అయి ఉండవచ్చు. కరపత్రంలో చోటు లేక అయి ఉండవచ్చు. కారణం ఏదైనా ఫలితం ఒక్కటే, కవి మళ్లీ గుమ్మం బయటే ఉండిపోయాడు.

అందరూ అలా లేరు, అదీ చెప్పాలి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఎవరా చెళ్లపిళ్ల? 'పాండవోద్యోగ విజయాల' కవి. సగం తెలుగుదేశానికి కంఠతా వచ్చిన కృష్ణరాయబారం పద్యాలు ఆ జంట కవులవే. అంటే మన రంగస్థలాన్ని నిలబెట్టిన ఒక కవి, తనకు తెలియకుండానే రంగస్థలాన్ని నిలబెట్టిన ఇంకో కవి పాదం పట్టుకున్నాడన్నమాట. వేల్సువాళ్ల కుర్చీకి మన దగ్గర సాటి వచ్చేది ఆ గండపెండేరమే. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జూలై 24న కన్నుమూశారు.

పద్యనాటకాన్ని ఆకాశానికి ఎత్తడానికి నేను రాలేదు. దాని జబ్బులు దానికున్నాయి. అన్నిటికంటే పెద్ద జబ్బు రాగం సాగదీత. పద్యం అర నిమిషం, చివరి అక్షరం మీద రాగం నాలుగు నిమిషాలు. కొడుకు శవం ఎదురుగా ఉండగా హరిశ్చంద్రుడు హిందుస్తానీ రాగంలో సంగతులు వేస్తుంటే చంద్రమతి చీర కొంగు సర్దుకుంటూ నిలబడాలి. నటుడు బళ్లారి రాఘవ గారు దీన్ని ఆనాడే కాదన్నారు. నటుడు పాత్రను పలకాలి, కచేరీ చేయకూడదని ఆయన పట్టు. 1928లో ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిసి వచ్చిన మనిషి. ఆయన చెప్పింది నిజమే. అయినా ఆయన మాట వినని నటులే జాషువాను ఊరూరికీ మోశారన్నది కూడా నిజమే. గొంతు లేని నటుడు మోయగలిగే బరువు కాదది. ఇంకో సంగతి. ఆడవేషాలు చాలాకాలం మగవాళ్లే వేశారు. ఆ వేషాలకే పేరుపడ్డ స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. చంద్రమతిగా బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి గారిని చూసి ఏడవని ఆడవాళ్లు లేరంటారు. తర్వాత స్త్రీలే వచ్చారు. 1935 'హరిశ్చంద్ర' సినిమాలో అద్దంకి శ్రీరామమూర్తి గారి సరసన చంద్రమతి కన్నాంబ. కాంట్రాక్టు నాటకాల్లో చంద్రమతి వేసిన స్త్రీలు రాత్రుళ్లు బస్సుల్లో తిరిగి, పొద్దున్నే ఇంకో ఊళ్లో ముఖానికి రంగు వేసుకుని, పిల్లల్ని తెర వెనక పడుకోబెట్టి ఏళ్లూ పూళ్లూ గడిపారు. వాళ్ల గురించి ఎవరైనా పుస్తకం రాసినట్టు నాకు తెలియదు. ఇక్కడున్న ఎం.ఏ. తెలుగు పిల్లలెవరైనా పరిశోధనకు విషయం వెతుక్కుంటుంటే, వినుకొండ, మార్కాపురం మధ్య ఇంకా అలాంటివాళ్లు ఉన్నారు. వెళ్లి అడగండి. పెద్దవాళ్లయిపోతున్నారు.

వానల మీద బతికే సీమ మనది. కందో, పత్తో, మిరపో చేతికొచ్చిన ఏడు నాటకం, రాని ఏడు వలస. గుంటూరు వైపు మిరపకోతకు వెళ్లిన కూలీలు అక్కడి తిరనాళ్లలో కూడా ఇదే కాటి సీను చూసి వచ్చి, ఎవరి హరిశ్చంద్ర గొప్పో మన రచ్చబండ మీద వాదించుకునేవాళ్లు. ఇప్పుడు తిరనాళ్లకు డీజే వస్తోంది, డ్యాన్సు ట్రూపు వస్తోంది. రానివ్వండి, పిల్లల సరదా పిల్లలది. నాటకం కూడా పూర్తిగా ఆగలేదు. శివరాత్రికీ శ్రీరామనవమికీ ఎక్కడో ఒకచోట హరిశ్చంద్ర ఆడుతూనే ఉన్నారు. చాలాచోట్ల ఆట మొత్తం కాకుండా కాటి సీను ఒక్కటే వేయించుకుంటున్నారు. దానికీ నాకు అభ్యంతరం లేదు.

నాకు కావలసింది రెండే. ఈసారి మీ ఊళ్లో ఆట పెట్టించేటప్పుడు కరపత్రంలో బలిజేపల్లి వారి పేరు కింద 'కాటి సీను పద్యాలు: గుర్రం జాషువా, వినుకొండ' అని ఒక వరస అచ్చు వేయించండి. తెర లేవకముందు అదే మాట మైకులో చదివించండి. చదివింపులకు నాలుగు గంటలు దొరికే చోట దీనికి నాలుగు సెకన్లు దొరకకపోవు. రెండోది, హార్మోనిస్టుకు ఇవ్వాల్సిన డబ్బు ఆట మొదలయ్యేలోపు చేతిలో పెట్టండి. తెల్లారాక ఆయన బస్సు ఛార్జీల కోసం కమిటీ వాళ్ల ఇళ్ల చుట్టూ తిరగకూడదు.